బుడమేరు వరద తర్వాత ఒక మందుల సంస్థ డేటాబేస్ క్లౌడ్‌కి ఎందుకు వెళ్ళింది

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు నీళ్ళలో ఉంది. మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థ ఆఫీసు, గోడౌన్ రెండూ ఆ నీళ్ళ మధ్యలోనే ఉన్నాయి. సర్వర్ మొదటి అంతస్తులో ఉంది కాబట్టి తడవలేదు. కానీ జనరేటర్ కింద ఉంది. యూపీఎస్ బ్యాటరీలు కింద ఉన్నాయి. రోజూ రాత్రి బ్యాకప్ తీసే బయటి హార్డ్‌డిస్క్ అకౌంట్స్ వాళ్ళ బల్ల సొరుగులో ఉంది, ఆ బల్లా కిందే ఉంది.

ఐదో రోజు నలుగురు కలిసి సర్వర్‌ని మెట్లు దించి, ట్రాక్టర్‌లో పరుపు పరిచి దాని మీద పెట్టి, నీళ్ళు లేని పేటలో బంధువుల ఇంటికి చేర్చారు. స్విచ్ వేసే ముందు వాళ్ళ ఐటీ మేనేజర్ గారు హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేశారు.

"ఇది లేవకపోతే మన దగ్గర ఏముందండీ?"

యజమాని ఇంటి బీరువాలో ఇంకో డిస్క్ ఉందని ఇద్దరికీ తెలుసు. అది మూడు వారాల పాతది. దాన్నుంచి ఎప్పుడైనా డేటాబేస్‌ని లేపి చూశారా అని అడిగాను. "లేదండీ" అన్నారు. నాలుగేళ్ళుగా మూడు నెలలకోసారి ఆ డేటాబేస్ ఆరోగ్యం చూసి రిపోర్టు ఇస్తున్నది నేనే. ప్రతి రిపోర్టులో బ్యాకప్ సక్రమంగా నడుస్తోందని రాశాను. రీస్టోర్ చేసి చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తప్పు నాది.

సర్వర్ లేచింది. ఒక్క రికార్డు పోలేదు. అయినా ఆ వారమే యజమాని గారు ఒక మాటన్నారు: "ఈసారి లేచింది. మళ్ళీ ట్రాక్టర్ మీద మోసే పని నా చేత చేయించకండి."

ఈ కేస్ స్టడీ అక్కడ మొదలవుతుంది. సంస్థ పేరు, అమ్మకాల లెక్కలు తప్ప మిగతాది రాయడానికి వాళ్ళు ఒప్పుకున్నారు.

వాళ్ళ దగ్గర ఉన్నది

విజయవాడలో ప్రధాన గోడౌన్, గుంటూరు, ఏలూరుల్లో బ్రాంచీలు. రిటైల్ మెడికల్ షాపులు ఆర్డర్ పెడితే అదే రోజు వ్యాన్‌లో మందులు పంపాలి. ప్రతి స్ట్రిప్‌కీ బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పది కొంటే ఒకటి ఉచితం లాంటి స్కీములు కంపెనీని బట్టి మారుతుంటాయి. గడువు దగ్గరపడిన సరుకు షాపుల నుంచి వెనక్కి వస్తుంది, అది తయారీ కంపెనీకి తిరిగి వెళ్ళాలి. దీనికంతటికీ సొంతంగా రాయించుకున్న జావా సాఫ్ట్‌వేర్, దాని వెనక ఒరాకిల్ కంపెనీ డేటాబేస్ సాఫ్ట్‌వేర్, 11జీ స్టాండర్డ్ ఎడిషన్ వన్. డేటా సుమారు 400 జీబీ. లెక్కలు చాలావరకు డేటాబేస్‌లోనే, నాలుగు వందలకు పైగా పీఎల్ ఎస్‌క్యూఎల్ ప్రొసీజర్లలో (ఒరాకిల్ సొంత భాషలో రాసిన చిన్న ప్రోగ్రాముల్లో) ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఐటీ మేనేజర్ గారే పద్దెనిమిదేళ్ళుగా రాస్తూ వచ్చారు.

ఆ వెర్షన్‌కి ఒరాకిల్ ఇచ్చే పొడిగింపు సపోర్టు కూడా 2020 డిసెంబర్‌తో అయిపోయింది. స్టాండర్డ్ ఎడిషన్ వన్ అన్న రకమే ఇప్పుడు లేదు, 2015లో దాని స్థానంలో స్టాండర్డ్ ఎడిషన్ 2 వచ్చింది. అంటే వరద రాకపోయినా ఏదో ఒక నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితే.

ఎందుకు మారాలి అన్న ప్రశ్న

డేటాబేస్‌ని క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లకి, ఎందుకు మార్చాలని ఎవరినడిగినా మూడు నాలుగు జవాబులు వస్తాయి: ఖర్చు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, కావలసినప్పుడు పెంచుకోవచ్చు. ఇవి కొందరి విషయంలో నిజమే. అమెజాన్ తన వినియోగదారుల వ్యాపారంలోని చివరి ఒరాకిల్ డేటాబేస్‌ని ఆపేసినట్టు 2019 అక్టోబర్‌లో ప్రకటించింది. దాదాపు 7,500 డేటాబేస్‌లలో ఉన్న 75 పెటాబైట్ల డేటాని సొంత క్లౌడ్ సర్వీసులకు మార్చింది. డేటాబేస్ ఖర్చు 60 శాతానికి పైగా తగ్గిందని చెప్పింది. కానీ ఆ స్థాయి వేరు. క్లౌడ్ అమ్మేది కూడా వాళ్ళే. అక్కడి లెక్కని తెచ్చి విజయవాడలో ఒక గోడౌన్, బయట రెండు బ్రాంచీలు ఉన్న సంస్థకి చూపిస్తే అది మోసం చేసినట్టే అవుతుంది.

వీళ్ళకి వేగం సమస్య లేదు. వ్యాపారం ఒక్కరోజులో పది రెట్లు పెరిగే రకం కాదు. పాత లైసెన్సు ఎప్పుడో కొన్నది కాబట్టి నెలనెలా ఖర్చు కూడా పెద్దగా లేదు. వీళ్ళకి కావలసింది ఒక్కటే: ఆఫీసు మునిగినా డేటా ఇంకో చోట బతికి ఉండాలి, గంటల్లో మళ్ళీ పని మొదలవ్వాలి. దీన్ని నేను మొదటి మీటింగ్‌లో బోర్డు మీద రాసి, ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రతిపాదననీ దానికి ఎదురుగా పెట్టి చూశాను.

ఒరాకిల్‌లో ఆ పనికి ఉన్నది డేటా గార్డ్. ఒక ఊళ్ళో ప్రధాన సర్వర్, ఇంకో ఊళ్ళో స్టాండ్‌బై, మొదటిదాంట్లో జరిగే ప్రతి మార్పూ రెండోదానికి చేరుతూ ఉంటుంది. చాలా నమ్మకమైన ఏర్పాటు, నేను ఎన్నో చోట్ల నడిపాను. కానీ అది ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే ఉంటుంది. ఒరాకిల్ ధరల పట్టికలో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఒక ప్రాసెసర్ లైసెన్సుకి 47,500 డాలర్లు. ఇంటెల్ సర్వర్‌లో రెండు కోర్‌లకి ఒక లైసెన్సు లెక్క. ఎనిమిది కోర్‌ల సర్వర్‌కి నాలుగు లైసెన్సులు, స్టాండ్‌బైకీ అన్నే. మొత్తం 3,80,000 డాలర్లు, ఆ పైన ఏటా 22 శాతం సపోర్టు. బేరమాడితే తగ్గుతుంది. ఎంత తగ్గినా ఈ సంస్థ స్థాయికి అది అందే డబ్బు కాదు. స్టాండర్డ్ ఎడిషన్‌లోనే సొంత స్క్రిప్టులతో, మార్పులు నమోదయ్యే లాగ్ ఫైళ్ళు పంపుతూ స్టాండ్‌బై నడిపే దారి ఉంది. కానీ ఆ స్క్రిప్టులు ఒకరోజు ఆగిపోతే ఎవరు చూస్తారు? రీస్టోర్ చేసి చూడటానికే మాకు నాలుగేళ్ళు తీరిక దొరకలేదు.

ఒరాకిల్‌నే క్లౌడ్‌కి తీసుకెళ్ళే దారి కూడా చూశాం. కోడ్ మార్చక్కర్లేదు, అది పెద్ద లాభం. సోర్స్ కోడ్ చేతిలో లేని సంస్థలకి నేను ఇప్పటికీ అదే చెబుతాను. ఇక్కడ సోర్స్ కోడ్ ఉంది, రాసిన మనిషి ఉన్నారు. ఒకసారి కష్టపడితే లైసెన్సు ఖర్చు అన్న మాటే ఉండదు కదా అని, ఉచితంగా వాడుకోగల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌కి వెళ్ళాలని నిర్ణయించాం.

క్లౌడ్‌లో అమెజాన్ ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్‌ని ఎంచుకున్నాం. ఆర్‌డీఎస్ అంటే డేటాబేస్‌ని అమెజానే నడిపిపెట్టే సర్వీసు. వాళ్ళ హైదరాబాద్ రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్లన్నీ కలిపి) 2022 నవంబర్‌లో తెరిచారు. అందులో మూడు వేర్వేరు జోన్లున్నాయి, అంటే విడివిడిగా ఉండే డేటా సెంటర్ల గుంపులు. మల్టీ ఏజెడ్ అన్న ఆప్షన్ పెడితే రెండో జోన్‌లో స్టాండ్‌బై ఉంటుంది, ప్రధానమైనది పడిపోతే మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో అది బాధ్యత తీసుకుంటుంది. ఆటోమేటిక్ బ్యాకప్‌లని 35 రోజుల వరకు ఉంచుకోవచ్చు, ఆ వ్యవధిలో ఏ నిమిషానికైనా డేటాబేస్‌ని కొత్తగా లేపుకోవచ్చు. ఈ రెండూ వేర్వేరు రక్షణలని యజమాని గారికి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్‌ని డిలీట్ చేస్తే ఆ డిలీట్ స్టాండ్‌బైకీ క్షణంలో చేరిపోతుంది. అప్పుడు కాపాడేది పాత నిమిషానికి వెనక్కి వెళ్ళగలగడం మాత్రమే.

అమెజాన్‌కే ప్రత్యేకమైన డేటాబేస్ ఆరోరా వైపు వెళ్ళలేదు. అది మంచి ఇంజనే. కానీ ఒక కంపెనీ చేతి నుంచి బయటపడి ఇంకో కంపెనీ చేతికి పూర్తిగా చిక్కకూడదని యజమాని గారు గట్టిగా అన్నారు, నాకూ అది సబబుగా తోచింది. మామూలు పోస్ట్‌గ్రెస్ అయితే రేపు ఏ క్లౌడ్‌కైనా, కావాలంటే మళ్ళీ సొంత సర్వర్‌కైనా తెచ్చుకోవచ్చు.

ఐటీ మేనేజర్ గారు

పని మొదలుపెట్టే ముందు ఆయనతో ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. యాభై దాటిన మనిషి. "నేను రాసిందంతా తీసేస్తున్నారు కదండీ" అన్నారు, కోపంగా కాదు. ఆయన భయం నాకు అర్థమైంది. ప్రొసీజర్లు మార్చడం టూల్ సాయంతో ఎవరైనా చేస్తారు. ఓరా2పీజీ అనే ఉచిత టూల్ టేబుల్స్‌ని, ఇండెక్స్‌లని, తేలికైన ప్రొసీజర్లని చాలావరకు మార్చిపెడుతుంది. కానీ ఒక కాలమ్‌లో ఖాళీ ఉంటే దాని అర్థమేమిటో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే ఆయనకి కోడ్ మార్చే పని ఇవ్వలేదు. మార్చినదాన్ని ఒప్పుకునే అధికారం ఇచ్చాం. ఆయన సంతకం లేకుండా ఏ ప్రొసీజరూ పూర్తయినట్టు కాదు. ఈ ప్రాజెక్టులో తీసుకున్న మంచి నిర్ణయం ఏదని అడిగితే నేను ముందు ఇదే చెబుతాను.

ఖాళీ అంటే ఏమిటి

కష్టమంతా ఎక్కడ పడ్డామో ఇప్పుడు కొంచెం వివరంగా రాస్తాను. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి వెళ్ళే వాళ్ళకి ఇది పనికొస్తుంది.

ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని మాట), నల్ (విలువే లేకపోవడం) రెండూ ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో కాదు. పుస్తకంలో ఒక్క లైనే ఉంటుంది, వ్యాపారంలో దాని ప్రభావం వేరు. ఆర్డర్ టేబుల్‌లో 'ఆపడానికి కారణం' అని ఒక కాలమ్ ఉంది. షాపు బకాయి పెరిగినా, డ్రగ్ లైసెన్సు గడువు తీరినా అక్కడ కారణం రాస్తారు. అది నల్ అయితేనే ఆర్డర్ గోడౌన్‌కి వెళ్తుంది. కారణం లేనప్పుడు జావా స్క్రీన్ ఆ కాలమ్‌కి ఖాళీ స్ట్రింగ్ పంపేది. ఒరాకిల్ దాన్ని నల్‌గా దాచేది, ఇన్నేళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు. మొదటి రిహార్సల్‌లో పోస్ట్‌గ్రెస్ ఆ ఖాళీని ఖాళీగానే దాచింది. ఒక్క ఆర్డరూ గోడౌన్‌కి వెళ్ళలేదు. ఎర్రర్ రాలేదు, లాగ్‌లో ఏమీ లేదు. గోడౌన్‌లో ఏ సరుకు తీయాలో చెప్పే పికింగ్ లిస్టు ఖాళీగా వచ్చింది, అంతే.

దానికి తోబుట్టువు లాంటిది ఇంకోటి. ఒరాకిల్‌లో రెండు నిలువు గీతలతో పేరుకి నల్‌ని కలిపితే పేరు మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం నల్ అయిపోతుంది. డోర్ నంబరు లేని షాపుల ఇన్‌వాయిస్ మీద చిరునామా మొత్తం మాయమైంది. పల్లెటూరి షాపులకి డోర్ నంబర్లు చాలావాటికి ఉండవు. కాన్‌క్యాట్ ఫంక్షన్ వాడితే సరిపోతుంది, కానీ వాడాల్సిన చోట్లు వందల్లో ఉన్నాయి.

దీన్ని ఒక్కో ప్రొసీజర్‌లో సరిచేస్తూ పోతే ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. అందుకని ఖాళీ స్ట్రింగ్ రాకూడని ప్రతి కాలమ్‌కీ ఒక చెక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేస్ తనే తనిఖీ చేసే నియమం) పెట్టాం. ఖాళీ వస్తే డేటాబేస్ గట్టిగా అరవాలి. మూడు వారాలు అలా అరిచింది, మేం సరిచేశాం.

ఇంకొకటి. రోజూ కంపెనీల నుంచి వచ్చే కొత్త బ్యాచ్‌ల ఫైలుని ఒక ప్రోగ్రామ్ చదివి, ఒక్కో లైనునీ ఇన్సర్ట్ చేసేది. అదే బ్యాచ్ ముందే ఉంటే డూప్లికేట్ ఎర్రర్ వచ్చేది, ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకోకుండా తర్వాతి లైనుకి వెళ్ళేది. ఒరాకిల్‌లో ఆ ఒక్క ఇన్సర్టే విఫలమవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ఎర్రర్ వస్తే ఆ ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా కట్టిన కమాండ్ల వరుస) మొత్తం చెడిపోతుంది, తర్వాత ఏ కమాండ్ ఇచ్చినా తీసుకోదు. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (ముందే ఉంటే వదిలెయ్) అని రాస్తే బాగుపడింది, నిజానికి అంతకుముందు కన్నా శుభ్రంగా నడిచింది.

సమయం సంగతి కూడా చెప్పాలి. ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్ మామూలుగా యూటీసీలో నడుస్తుంది, అంటే మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి దాటాక తెల్లవారు ఐదున్నర లోపు వేసిన ఇన్‌వాయిస్‌లకి ముందురోజు తేదీ పడుతుంది. జీఎస్టీ లెక్కల్లో, ముఖ్యంగా నెలాఖరు రాత్రి, ఇది ఆషామాషీ తప్పు కాదు. డేటాబేస్ సెట్టింగ్‌లు ఉండే పారామీటర్ గ్రూప్‌లో ఏషియా కోల్‌కతా అని పెట్టాం. ఈ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

లైసెన్సు కాపీలు సగమే వచ్చాయి

డేటాని మోయడానికి అమెజాన్ డేటాబేస్ మైగ్రేషన్ సర్వీస్ వాడాం. ముందు మొత్తం డేటాని తీసుకెళ్ళి, ఆ తర్వాత పాత డేటాబేస్‌లో జరిగే మార్పుల్ని వెంటవెంటనే చేరవేస్తుంది. అందువల్ల వ్యాపారం ఆగేది చివరి కొన్ని గంటలే.

రెండో రిహార్సల్ తర్వాత అన్ని టేబుల్స్‌లో వరుసల సంఖ్య సరిపోయింది. నాకు సంతృప్తిగా ఉంది. ఐటీ మేనేజర్ గారు మాత్రం ఒక షాపు రికార్డు తెరిచి, దాని డ్రగ్ లైసెన్సు స్కాన్ కాపీ చూపించమన్నారు. రిటైల్ షాపులకి ఫారం 20, ఫారం 21 లైసెన్సులుంటాయి, వాటి కాపీలు డేటాబేస్‌లోనే దాచుకున్నారు. బొమ్మ పైభాగం కనిపించింది, కిందంతా బూడిద రంగు.

పెద్ద బైనరీ కాలమ్‌లని ఆ సర్వీసు మామూలు సెట్టింగ్‌లో 32 కేబీ దగ్గర కత్తిరిస్తుంది. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది. ఆ విలువ పెంచాల్సింది మేమే, చూసుకోలేదు. వరుసలు లెక్కపెట్టి డేటా సరిపోయిందని అనుకోవడం నా పొరపాటు. ఆ తర్వాత నుంచి ప్రతి పెద్ద కాలమ్‌కీ మొత్తం బైట్లు, ప్రతి డబ్బు కాలమ్‌కీ మొత్తం రూపాయలు, ప్రతి తేదీ కాలమ్‌కీ మొదటి తేదీ, చివరి తేదీ రెండు వైపులా తీసి పోల్చాం. వరుస నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌ల ప్రస్తుత విలువలు ఆ సర్వీసుతో రావు, వాటిని విడిగా ముందుకి జరిపాం. మర్చిపోతే మొదటి ఇన్‌వాయిస్‌కే డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది.

తెలుగు పేర్లు

వ్యాన్ డ్రైవర్లకి ఇచ్చే రూట్ స్లిప్‌లు తెలుగులో ఉండేవి. షాపు పేరు, వీధి, గుర్తుగా గుడి లేదా బడి. యూనికోడ్ ఇంకా అలవాటు కాని రోజుల్లో వాటిని పాత తరం తెలుగు ఫాంట్‌లో టైపు చేశారు. డేటాబేస్‌కి అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు మాత్రమే. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగుగా కనిపిస్తాయి. ఏ మైగ్రేషన్ టూలూ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే దాని దృష్టిలో తప్పేమీ లేదు. కొత్త వెబ్ స్క్రీన్‌లో అదంతా పిచ్చి గీతల్లా వచ్చింది.

అక్షరానికి అక్షరం పట్టిక వేసి మార్చాం. వత్తులు, గుణింతాల వరుస ఆ ఫాంట్‌లో ఒకలా, యూనికోడ్‌లో ఇంకోలా ఉంటుంది కాబట్టి నేరుగా మార్చితే 'కృష్ణా' లాంటి మాటలు విరిగిపోతాయి. చివరికి పదేళ్ళుగా రూట్ వేసే గుమాస్తా గారు రెండు వారాలు కూర్చుని స్లిప్‌లన్నీ చదివి దిద్దారు. మన రాష్ట్రాల్లో పాత డేటాబేస్ ఉన్న వాళ్ళెవరైనా మారే ముందు దీన్ని చూసుకోండి. సహకార సంఘాల్లో, చిట్ ఫండ్ సంస్థల్లో కూడా ఇలాంటి డేటా చూశాను.

డేటాబేస్ ఒక్కటే వెళ్తే సరిపోదు

మొదటి ప్లాన్‌లో డేటాబేస్ మాత్రమే హైదరాబాద్ వెళ్ళాలి, అప్లికేషన్ సర్వర్ విజయవాడ ఆఫీసులోనే ఉండాలి. పరీక్షలో స్టాక్ స్క్రీన్ తెరవడానికి నాలుగు సెకన్లకు పైగా పట్టింది. పాత చోట కళ్ళు మూసి తెరిచేలోపు వచ్చేది. చూస్తే ఆ ఒక్క స్క్రీన్ డేటాబేస్‌కి నాలుగు వందల చిన్న క్వెరీలు (ప్రశ్నలు) పంపుతోంది. ఆఫీసు లోపల ఒక్కో క్వెరీ రానూపోనూ పట్టే సమయం మిల్లీసెకను కన్నా తక్కువ. హైదరాబాద్‌కి వెళ్ళి రావడానికి మేం కొలిస్తే పది మిల్లీసెకన్లు. నాలుగు వందల సార్లు వెళ్ళొస్తే నాలుగు సెకన్లు. డేటాబేస్ పెద్ద సైజు తీసుకున్నా ఇది మారదు, దూరానికి మందు లేదు. అప్లికేషన్‌ని కూడా అదే రీజియన్‌కి తీసుకెళ్ళాం. అప్పుడు అనుకోని లాభం కూడా వచ్చింది: ఆఫీసు మూతబడినా సేల్స్ వాళ్ళు ఎక్కడి నుంచైనా ఫోన్‌లో ఆర్డర్ తీసుకోగలరు. వరద వారంలో లేనిది అదే.

ఆఫీసుకి రెండు వేర్వేరు ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టించాం. అది కొత్త ఖర్చు, దాన్ని కూడా లెక్కలో చూపించాలి.

మారిన రాత్రి, ఆ తర్వాత నెల

మార్చి నెలాఖరు దాటాక, అకౌంట్స్ వాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక, 2025 జూన్‌లో ఒక శనివారం రాత్రి పెట్టుకున్నాం. అప్పటికి మూడు రిహార్సల్స్ అయ్యాయి. రాత్రి పదికి పాత దాంట్లో ఎంట్రీలు ఆపాం. చివరి మార్పులు చేరాయి, పోలికలు సరిపోయాయి, అనలైజ్ అనే కమాండ్ నడిపాం. ఈ కమాండ్ మర్చిపోతే కొత్త డేటాబేస్‌కి ఏ టేబుల్ ఎంత పెద్దదో తెలియదు, సోమవారం ఉదయం అన్నీ నత్తనడకే. ఆదివారం ఉదయం నాలుగుకి ఐటీ మేనేజర్ గారు సంతకం పెట్టారు. సోమవారం మధ్యాహ్నం ఒక రిపోర్టు తప్ప పెద్ద ఇబ్బంది రాలేదు.

మొదటి నెల బిల్లు చూసి మాత్రం యజమాని గారు ఫోన్ చేశారు. నేను చెప్పిన అంచనా కన్నా బాగా ఎక్కువొచ్చింది. వెతికితే రిహార్సల్ కోసం పెట్టిన డేటాబేస్ ఇంకా నడుస్తోంది. మేం దాన్ని ఆపాం. కానీ ఆర్‌డీఎస్‌లో ఆపిన డేటాబేస్ ఏడు రోజుల తర్వాత దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. ఆపడం వేరు, తీసేయడం వేరు. స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) తీసుకుని ఆ డేటాబేస్‌ని తీసేశాం, బిల్లు ఒక హద్దు దాటితే ముగ్గురికీ మెయిల్ వచ్చేలా పెట్టాం.

ఆ తర్వాత కూడా, పాత రోజుల్లో నెలకి పెట్టిన కరెంటు, బ్యాటరీల ఖర్చుతో పోలిస్తే ఇప్పుడు ఎక్కువే అవుతోంది. నేను దీన్ని దాచను. కొత్త సర్వర్, కొత్త లైసెన్సు, ఇంకో ఊళ్ళో స్టాండ్‌బై కలిపి చూస్తే తక్కువ. ఏమీ చేయకుండా కూర్చోవడంతో పోలిస్తే ఎక్కువ. ఖర్చు తగ్గించుకోవడమే వాళ్ళ కారణమై ఉంటే వెళ్ళొద్దనే చెప్పేవాణ్ణి. బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసే 37సిగ్నల్స్ సంస్థ క్లౌడ్ వదిలేస్తున్నట్టు 2022లో ప్రకటించి, తర్వాత సొంత సర్వర్లకి వెళ్ళిపోయింది. లోడ్ నిలకడగా ఉండి, సర్వర్లు నడిపే గట్టి మనుషులు లోపలే ఉన్న సంస్థకి అది సరైన నిర్ణయం కావచ్చు. మన క్లయింట్ దగ్గర ఉన్నది ఒక్క మనిషి, ఆయనకి ఇంకో ఆరేడేళ్ళలో రిటైర్మెంట్.

సెప్టెంబర్ డ్రిల్

కొత్త డేటాబేస్‌కి మారడం పూర్తయ్యాక నేను పెట్టిన షరతు ఒక్కటే. మూడు నెలలకోసారి రీస్టోర్ చేసి చూడాలి, అది నేను చేయకూడదు. 2025 సెప్టెంబర్ మొదటి వారంలో, వరద వచ్చి ఏడాదైన రోజుల్లో, ఐటీ మేనేజర్ గారు మొదటి డ్రిల్ చేశారు. ముందురోజు ఉదయం 11 గంటల 42 నిమిషాలకి వేసిన ఒక ఇన్‌వాయిస్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. 11 గంటల 43 నిమిషాలకి డేటాబేస్‌ని లేపాలి, ఆ ఇన్‌వాయిస్ చివర్లో కనిపించాలి.

ఆయన కమాండ్ ఇచ్చారు. కొత్త డేటాబేస్ గంటలోపు లేచింది. చిరునామా కొత్తది కాబట్టి అప్లికేషన్‌ని దానికి కలపడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఇన్‌వాయిస్ ఉంది, మొత్తం రూపాయల లెక్క సరిపోయింది. కానీ స్క్రీన్ మీద సమయం 06:12 అని ఉంది.

ఫోన్‌లో నేను చెప్పేలోపే ఆయన పట్టుకున్నారు. కమాండ్‌లో పారామీటర్ గ్రూప్ పేరు ఇవ్వకపోతే రీస్టోర్ అయిన డేటాబేస్ మామూలు గ్రూప్‌తో లేస్తుంది. అంటే మళ్ళీ యూటీసీ, మళ్ళీ ఐదున్నర గంటల వెనక. నిజమైన ఆపద రోజున అలాగే వ్యాపారం మొదలుపెట్టి ఉంటే ఆ రాత్రి ఇన్‌వాయిస్‌లన్నిటికీ తప్పు తేదీ పడేది. ఆయన గ్రూప్ మార్చి, రీబూట్ చేసి, 11:42 కనిపించేదాకా చూశారు.

వారానికోసారి మొత్తం డేటాని పీజీ డంప్ అనే టూల్‌తో ఫైలుగా తీసి ముంబై రీజియన్‌లో ఒకటి, ఆఫీసు డిస్క్‌లో ఒకటి దాచే పని కూడా ఆయన చేతిలోనే ఉంది. ఆ డిస్క్ ఇప్పుడు మొదటి అంతస్తులో ఉంటోంది. డిసెంబర్ డ్రిల్‌లో క్లౌడ్ బ్యాకప్‌ని ముట్టుకోకుండా ఆ డిస్క్ ఒక్కదాన్నుంచే డేటాబేస్‌ని లేపాలని ఆయనే రాసుకున్నారు. పారామీటర్ గ్రూప్ పేరుని డ్రిల్ నోట్‌బుక్‌లో మొదటి పేజీలో, ఎర్ర సిరాతో రాశారు.